పెద్దోడి నమూనా

తమ్ముడు మెషిన్ రూమ్ దాకా మెట్లెక్కి వచ్చాడంటేనే ఏదో కొంప మునిగిందని అర్థం.

భవనం పైకప్పు మీది ఆ ఇరుకు గదిలో లిఫ్టు మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. లిఫ్టు ఆపేసి, కంట్రోల్ బోర్డు ముందు గొంతుక్కూర్చుని, నల్లబడిన కాంటాక్టుల్ని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. రుద్దినకొద్దీ వాటిని తిడుతున్నాడు. తిట్టడం అతని పనిలో ఒక భాగం. స్పానర్ లేకుండా పని చేయగలడేమో గానీ తిట్టకుండా చేయలేడు. వర్క్‌షాపులో అతన్ని ‘బ్రేకు’ అంటారు. ఎంత జోరు మీదున్న నవ్వయినా అతను లోపలికి అడుగుపెడితే ఆగిపోతుందని.

తమ్ముడు గుమ్మం పట్టుకుని రొప్పుతున్నాడు. ఛాతీకి ఒక నీలం డబ్బా హత్తుకుని ఉన్నాడు.

“లిఫ్టులో రావచ్చుగా?” అన్నాడు అన్న, తల తిప్పకుండా.

“నువ్వే ఆపేశావుగా!”

“కింద బోర్డు పెట్టాను.”

“చదివే మెట్లెక్కాను. ‘లిఫ్టు పనిచేయదు, ఎందుకని అడగొద్దు’ అని రాసేవాడివి ఈ ఊళ్ళో నువ్వొక్కడివే.”

మామూలుగా ఈ మాట తర్వాత తమ్ముడు నవ్వాలి. వాడు నవ్వితే ఊరు నవ్వుతుంది. రేడియోలో పొద్దుటి కార్యక్రమం వాడిదే. జనం పళ్ళు తోముకుంటూ, బస్సుల్లో వేలాడుతూ, దుకాణాల షట్టర్లు లేపుతూ వాడి గొంతు వింటారు. ఆ గొంతు ఇప్పుడు నవ్వలేదు.

మెకానిక్ గరుకు కాగితం కింద పెట్టాడు.

“ఏంటది?”

“డబ్బా.”

“అది కనబడుతోంది. లోపల?”

“ఖాళీ. అదే వచ్చిన తంటా.”

అప్పుడు అర్థమైంది ఆ డబ్బా ఏమిటో. ముందు వారం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇలాంటిదే బల్ల మీద పెట్టి చూపించింది. తమ ఇద్దరి మధ్య పుట్టిన చెల్లి నెలల తరబడి గదిలో గోడవైపు తిరిగి పడుకునే ఉంది. మందులు సగం దూరమే లాక్కొచ్చాయి. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో ఒక పరిశోధన నడుస్తోంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగుల్లోంచి మంచి సూక్ష్మజీవుల్ని సేకరించి, మాత్రల్లో నింపి, మనసు కుంగిన మనిషితో మింగిస్తారట. కడుపుకీ మెదడుకీ మధ్య రాకపోకలున్నాయని, ఎంత మేరకో తామూ ఇంకా తెలుసుకుంటున్నామని, గ్యారంటీ మాత్రం అడగొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆ సూక్ష్మజీవుల్ని దేన్లోంచి సేకరిస్తారో అమ్మకి రెండుసార్లు వివరించాల్సి వచ్చింది. మూడోసారికి అమ్మ చెవులు మూసుకుంది.

“ఇంట్లోనే ఎవరైనా దాత ఉంటే మంచిది. ఒళ్ళూ బాగుండాలి, మనసూ బాగుండాలి,” అంది డాక్టరమ్మ.

“మా చిన్నోడు!” అంది అమ్మ, ఆవిడ మాట పూర్తి కాకుండానే.

డాక్టరమ్మ పక్క కుర్చీలో ఉన్న మెకానిక్ వైపు చూసింది. “మరి మీ పెద్దబ్బాయి?”

“వాడిదా? వద్దమ్మా తల్లీ. ఉన్న రోగం చాలు.”

మెకానిక్ అక్కడే ఉన్నాడు. చెవులు పనిచేస్తున్నాయి. కుర్చీ కాలు ఒకటి పొట్టిగా ఉందని మాత్రం అన్నాడు.

“నాకు రావట్లేదన్నయ్యా,” అన్నాడు తమ్ముడు ఇప్పుడు.

“ఏం రావట్లేదు?”

తమ్ముడు డబ్బా వైపు చూశాడు. మెకానిక్ కూడా చూశాడు.

“రేపిస్తానని చెప్పు.”

“రేపూ రాదు. నా పొట్ట సంగతి నాకు తెలీదా? ఇవాళ ఇవ్వకపోతే అక్క పేరు తీసేసి వెనకున్నవాళ్ళని పిలుస్తారట.” వాడు డబ్బా ముందుకి చాచాడు. “నువ్వివ్వు. నా పేరు మీద ఇచ్చేద్దాం.”

బయట పైకప్పు మీద ఎవరో ఆరేసిన దుప్పటి గాలికి టపటపా కొట్టుకుంది.

“నాది వద్దందిగా అమ్మ.”

“అమ్మకి తెలీదుగా.”

“నన్నెవరూ అడగలేదు.”

“నేనడుగుతున్నాగా!”

ఆ మాట సూటిగా వెళ్ళి ఎక్కడో దిగింది. మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. ఎవరో బహుమతి ఇస్తుంటే అందుకుంటున్నట్టు డబ్బా తీసుకున్నాడు. బాత్రూం కింద వాచ్‌మన్ గది పక్కన ఉంది. లిఫ్టేమో ఆగి ఉంది. లిఫ్టు ఆపినందుకు అతను బాధపడటం ఆ ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి.

నమూనా పరీక్ష ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ ఫోన్ చేసేసరికి అందరూ భోజనానికి కూర్చుని ఉన్నారు. అమ్మ ఫోన్‌ని గ్లాసుకి ఆనించి, స్పీకర్ పెట్టింది.

“చాలా బాగుందండీ! నిజం చెప్పాలంటే ఇన్ని రకాల మంచి సూక్ష్మజీవుల్ని ఒకే మనిషిలో మేము ఈమధ్య చూడలేదు. పూలతోట చూసినట్టుంది.”

అమ్మ కళ్ళు తుడుచుకుంది. “నేను చెప్పలా! నవ్వు! అంతా ఆ నవ్వులోనే ఉంది.” చిన్నోడి తల నిమిరి, అదే చేత్తో పెద్దోడి వైపు వేలు చూపింది. “చూసి నేర్చుకో. మొహం అలా పెట్టుకుంటే లోపల ఏం మొలుస్తుంది? ముళ్ళు!”

మెకానిక్ నములుతున్నాడు. ‘అది నాది’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలాంటి వస్తువు మీద హక్కు కోసం మనిషి ఇంతగా తహతహలాడతాడని అతను ఎన్నడూ అనుకోలేదు. తమ్ముడు కంచంలోకి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

అమ్మ అప్పటికే పెద్దమ్మకి ఫోన్ కలిపింది. “తోటేనట అక్కా! డాక్టరే అంది!” తర్వాత పిన్నికి చేసింది. తర్వాత మెట్ల మీద ఎదురైన పక్కింటావిడకి చెప్పింది. ఆవిడ విషయం మొత్తం తెలియక, “అభినందనలు బాబూ, మొక్కలు ఎక్కడ కొన్నావు?” అని చిన్నోడిని అడిగింది.

మెకానిక్ ఒక కంచంలో అన్నం పెట్టించుకుని చెల్లి గదిలోకి వెళ్ళాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. వెంట్రుకవాసి తేడా కూడా వేలికొసతో పట్టేసేది. ఇప్పుడు ఆమె కళ్ళజోడే అలమర మీద దుమ్ము పట్టి ఉంది. అతను చొక్కా అంచుతో దాన్ని తుడిచాడు. చొక్కాకి గ్రీజు ఉంది. అద్దం ఇంకా పాడైంది.

“ఏంటి హాల్లో అంత సందడి?” అంది చెల్లి, గోడతో మాట్లాడుతున్నట్టు.

“చిన్నోడిది చాలా బాగుందట.”

“ఓహో. నిన్నెందుకు అడగలేదన్నయ్యా?”

“నేను చిరాకు మనిషిని కదా.”

“కిటికీ కిర్రుమంటే నువ్వు ఇల్లెగిరిపోయేలా తిడతావు. మర్నాటికి కిర్రుమనదు. చిన్నోడు దాని మీద జోకేస్తాడు. అందరం నవ్వుతాం. అది కిర్రుమంటూనే ఉంటుంది.”

అంత పొడుగు మాట ఆమె నోట విని చాలా కాలమైంది. అలిసిపోయినట్టు దుప్పటి లాక్కుంది. అన్నం రెండు ముద్దలు తింది. మెకానిక్ కంచం పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఎవరి పేరు మీదైతేనేం, మాత్రలు తయారైతే చాలనుకున్నాడు. చెల్లి లేస్తే చాలు. పెద్దమ్మ దగ్గర పేరు ఎవరికొస్తే ఏం?

అయినా కాస్త మండుతూనే ఉంది.

మర్నాటి నుంచి అసలు కష్టాలు మొదలయ్యాయి. దాత వేపుళ్ళు తినకూడదు. బయటి తిండి ముట్టకూడదు. ఆకుకూరలు, పప్పులు, పళ్ళు, పీచున్నవే తినాలి. అమ్మ కంకణం కట్టుకుని నాలుగు గిన్నెల క్యారియర్ సర్ది చిన్నోడి చేతికిచ్చింది. చిన్నోడు దాన్ని మోసుకుంటూ వర్క్‌షాపు వెనక సందులోకి వచ్చాడు. పెద్దోడు అటూ ఇటూ చూసి తన వేపుడు పొట్లం ఇచ్చి, క్యారియర్ తీసుకున్నాడు. దొంగసరుకు మార్చుకునేవాళ్ళు కూడా అంత భయపడరు.

“ఏం బ్రేకూ, ఆకులు మేస్తున్నావు?” అన్నాడు వెల్డరు, బల్ల అవతలి నుంచి.

“ఆరోగ్యం.”

“నీకా? ఎవరి మీద కక్షతో?”

మెకానిక్ మూడో గిన్నె మూత తీశాడు. అందులోనూ ఆకులే ఉన్నాయి.

అలా నాలుగు రోజులు గడిచాయి. చికిత్స కోసం అసలు సేకరణ మొదలయ్యే ముందురోజు డాక్టరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఇకమీదట ఇంటి నుంచి డబ్బాలో తేవడం కుదరదు. దాత స్వయంగా ఆసుపత్రికి వచ్చి, ల్యాబ్ పక్కనే ఉన్న దాతల గదిలోనే ఇవ్వాలి. తాజాగా ఉండాలి.

ఆ సంగతి చెప్పడానికి తమ్ముడు సందులోకి వచ్చినప్పుడు మొహం పాలిపోయి ఉంది. జోకు వెయ్యలేదు. పొట్లం అడగలేదు.

“నేనూ వస్తాలే,” అన్నాడు మెకానిక్. “పేరు నువ్వు చెప్పు. గది దాకా తోడొచ్చినట్టు వస్తాను. నువ్వు బయట నిలబడు. ఎవరూ చూడనప్పుడు నేను దూరతాను.”

వినడానికి తేలిగ్గానే ఉంది.

ఆసుపత్రి లిఫ్టులోకి అడుగుపెట్టగానే మెకానిక్ ముక్కు ఎగబీల్చాడు. లిఫ్టు నేల గుమ్మానికి ఒక వేలెడు కిందికి ఆగింది. తలుపు అంచు రబ్బరు చిరిగి వేలాడుతోంది. పైన ఫ్యాను పాత సైకిల్లా మూలుగుతోంది.

“ఎవడ్రా దీన్ని చూసేది? జీతం తీసుకుంటూ సిగ్గనిపించదా?”

“అన్నయ్యా, ఇవాళొక్కరోజు దాన్ని వదిలెయ్యి.”

తలుపులు మూసుకున్నాయి. లోపల ఇద్దరే. లిఫ్టు కదిలింది.

“ఇన్ని రోజులైంది,” అన్నాడు మెకానిక్, “నీకు ఇంకా రావట్లేదా?”

“వస్తే నీకే మొదట ఫోన్ చేసి చెబుతాలే. రేడియోలో కూడా ప్రకటిస్తాను.”

“నిజం చెప్పు.”

“నిజమే. మన పొట్ట ప్రభుత్వ కార్యాలయం లాంటిది. తలుపులు తెరిచే ఉంటాయి, లోపల పని జరగదు.”

మెకానిక్ వాడి మొహంలోకి చూశాడు. నోరు నవ్వుతోంది. మిగతా మొహం నవ్వట్లేదు. ఇంత దగ్గర్నుంచి, ఇంత తెల్లటి ట్యూబులైటు కింద తమ్ముణ్ణి ఎప్పుడు చూశాడో గుర్తు రాలేదు. కళ్ళ కింద నీడలు గాయాల్లా ఉన్నాయి.

నడుముకున్న తాళాల గుత్తి తీశాడు. బటన్ల కింద చిన్న మూత తెరిచి, లోపలి స్విచ్చి కిందికి నొక్కాడు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య కుదుపుతో ఆగింది.

“ఏం చేస్తున్నావు!”

“నిజం చెప్పేదాకా ఇది కదలదు.”

తమ్ముడు ఇంకో జోకు కోసం వెతికాడు. వెతకడం మొహంలో కనబడింది. దొరకలేదు. గోడకి ఆనుకుని మెల్లగా జారి కూర్చున్నాడు.

“మాత్రలు వేసుకుంటున్నాను.”

“దేనికి?”

“అక్క వేసుకునేవే. సంవత్సరం దాటింది. ఇంకో డాక్టరు దగ్గర. ఇక్కడ ఏ మందులూ వాడట్లేదని చెప్పాను.”

మెకానిక్ వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నిద్ర పట్టదన్నయ్యా. పొద్దున్న స్టూడియోలో ఎర్ర లైటు వెలగ్గానే నవ్వొస్తుంది. లైటు ఆరిపోతే పోతుంది. ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంటాను.” వాడు మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. “ఆ డబ్బా చేతికిచ్చినప్పుడు భయమేసింది. నాది ఇస్తే నాలో ఉన్నదే అక్కకీ ఎక్కుతుందేమో. ఉన్న బరువు మీద నా బరువు కూడా ఎత్తినట్టవుతుందేమో అని.”

“ముందే చెప్పొచ్చుగా!”

“ఎవరికి? అమ్మకా? ‘మా చిన్నోడున్నాడు, నాకది చాలు’ అంటుంది రోజూ. ఆ చాలుని ఎలా లాక్కోమంటావు?”

మెకానిక్‌కి తెలిసిన మందు తిట్టు ఒక్కటే. అది యంత్రాలకే పనిచేస్తుంది. జేబులోంచి గుడ్డ తీసి తమ్ముడికిచ్చాడు. వాడు మొహం తుడుచుకున్నాడు. రెండు బుగ్గలకీ గ్రీజు అంటింది. అది చెబుదామనుకుని, ఇప్పుడు కాదులే అనుకున్నాడు.

“సరే. పద.” స్విచ్చి పైకి నొక్కాడు.

లిఫ్టు కదల్లేదు.

మళ్ళీ నొక్కాడు. మూత వేసి, తీసి, నొక్కాడు. తలుపు రెక్కని అరచేత్తో చరిచాడు. దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తిట్టాడు. ఫ్యాను కూడా ఆగిపోయింది.

“అన్నయ్యా.”

“మాట్లాడకు.”

“నువ్వు లిఫ్టు మెకానిక్‌వి కదా?”

“ఇది మా కంపెనీది కాదు!”

సరిగ్గా అప్పుడు లోపల ఎక్కడో ఒక గంభీరమైన చప్పుడు వచ్చింది. ముందు ఉరిమినట్టు, తర్వాత నీళ్ళు దొర్లినట్టు.

“హమ్మయ్య! మోటారు స్టార్టయింది,” అన్నాడు తమ్ముడు.

“మోటారు కాదు.”

నాలుగు రోజుల ఆకులు, పప్పులు, పళ్ళు ఒక్కసారిగా నిర్ణయం తీసుకున్నాయి. మెకానిక్ నుదుటి మీద చెమట పట్టింది. రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి, అలారం బటన్ మీద బొటనవేలు పెట్టి తియ్యలేదు.

కాసేపటికి పైన తలుపు సందులోంచి ఒక గొంతు వినబడింది. “ఎవరు లోపల? కంగారు పడకండి. చేతులు బయట పెట్టొద్దు.”

ఆ గొంతు మెకానిక్‌కి తెలుసు. ఒకప్పుడు తన వర్క్‌షాపులోనే పనిచేసి, అవతలి కంపెనీకి వెళ్ళిపోయినవాడు. నట్టు బిగించడం కూడా రానివాడని ఊరంతా చాటి చెప్పింది తనే. పెదవి విప్పలేదు.

“మా అన్నయ్యండీ!” అని అరిచాడు తమ్ముడు. “లిఫ్టు మెకానిక్! అందరూ బ్రేకు అంటారు!”

పైన మొదలైంది నవ్వు. బావిలోకి బొక్కెనలు జారవిడిచినట్టు ఒకదాని వెనక ఒకటి.

“తర్వాత తీరిగ్గా నవ్వుకో! ముందు పైకి తియ్యి!”

“ఏం తొందరొచ్చిందన్నా? ఫొటో తీసుకోనీ.”

“ఉంది తొందర!”

పాతికేళ్ళుగా తిట్టడానికి మాత్రమే వాడిన గొంతు మొదటిసారి బతిమాలింది. పైనున్నవాడికి ఏం అర్థమైందో ఏమో, నవ్వు ఆపి లిఫ్టుని చేత్తో లేపే చక్రం తిప్పడానికి పరిగెత్తాడు. లిఫ్టు జానెడు జానెడు పైకి పాకింది. ప్రతి జానెడుకీ మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు. తలుపు మనిషి పట్టేంత తెరుచుకోగానే పక్కకి తిరిగి దూరి, నడవాలో పడి, నర్సుల్నీ బల్లల్నీ దాటుకుంటూ పరిగెత్తాడు. దాతల గది తలుపు ధడాలున మూసుకుంది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. డబ్బా పట్టుకుని బయటికొచ్చిన మెకానిక్ మొహంలో అంతకుముందెన్నడూ ఎవరూ చూడని ప్రశాంతత ఉంది. ఎదురుగా డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆమె పక్కన బుగ్గలకి గ్రీజుతో తమ్ముడు.

“మీరెందుకు వెళ్ళారు లోపలికి?” అంది డాక్టరమ్మ. “దాత ఈయన కదా?”

అబద్ధం ఒకటి దగ్గర్లోనే ఉంది. కడుపు నొప్పని చెబితే సరిపోతుంది. మెకానిక్ తమ్ముడి వైపు చూశాడు. వాడు తల వంచుకున్నాడు.

“దాతని నేనేనండీ. మొదటిదీ నాదే. మీరు తోటన్నది.”

డాక్టరమ్మ తలుపు వేసి మరీ చీవాట్లు పెట్టింది. ఆవిడ చెప్పినంతసేపూ మెకానిక్ నిలబడే విన్నాడు. “పరీక్షకిచ్చిన రక్తం ఒకరిది, నమూనా ఇంకొకరిది! మీకేదైనా జబ్బుండి, మేము చూసుకోకుండా ఆ మాత్రలు మీ చెల్లెలికి ఇచ్చి ఉంటే?” నట్టు వదిలేసి లిఫ్టు నడిపినవాడు తనే అయ్యాడన్నమాట. క్షమించండి అన్నాడు. ఆ మాట అతని నోటికి కొత్త కావడం వల్ల సరిగ్గా తిరగలేదు.

“ఆమె పేరు తీసేస్తారా?” అన్నాడు చివరికి.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. “ఇవాళ్టిది పారేస్తాం. మీ పేరు మీద అన్నీ మొదట్నించి చేస్తాం. రక్తంతో సహా. పక్క గదిలో మనసు డాక్టరున్నారు, వెళ్ళండి.”

మనసు డాక్టరు బట్టతల మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు.

“మీరెప్పుడూ కోపంగా ఉంటారట?”

“లేదండీ. పని బాగా జరిగితే తగ్గుతుంది.”

“దేని మీదా ఆసక్తి లేనట్టు అనిపిస్తుందా?”

“ఉన్న ఆసక్తే తట్టుకోలేకపోతున్నానండీ. ఇప్పుడు చూడండి, మీ తలుపు బందు స్క్రూ ఊడొచ్చింది. ఇందాకట్నించీ దాని మీదే ఉంది నా ప్రాణం.”

“నిద్ర?”

“పడుకున్నట్టు తెలుస్తుందండీ, లేచినట్టు తెలుస్తుంది. మధ్యలో ఏం తెలీదు.”

డాక్టరు పెదవి కొరుక్కుని ఏదో రాసుకున్నాడు. “చిరాకు వేరండీ, కుంగుబాటు వేరు. మీకున్నది మొదటిది. పుష్కలంగా ఉంది. దాతకి అడ్డేం కాదు.” తర్వాత తలుపు దాకా వచ్చి, బయట బెంచీ మీదున్న తమ్ముణ్ణి పిలిచాడు. “ఇప్పుడు మీరు రండి.”

తమ్ముడు వెళ్ళాడు. చాలాసేపు పట్టింది. మెకానిక్ ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. లోపల్నించి ఒక్క నవ్వు కూడా వినబడలేదు. మంచిదే అనుకున్నాడు.

“వాడికా?” అంది అమ్మ, ఇంట్లో చిన్నోడి మందుల సంగతి విని. “పొద్దున్న కూడా నవ్వాడు కదరా!”

“రేడియోలో అమ్మా.”

మధ్యాహ్నపు ఎండ హాల్లో సగం దాకా వచ్చి ఉంది. తమ్ముడు కుర్చీ అంచున, అద్దె ఇల్లు చూడ్డానికొచ్చిన మనిషిలా కూర్చున్నాడు. అమ్మ వాడి బుగ్గ మీది గ్రీజుని కొంగుతో తుడవబోయి, మధ్యలో ఆగి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది. ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

కొంతసేపటికి పెద్దోడి వైపు తిరిగింది.

“అయితే... ఆ తోట?”

“నాది.”

అమ్మ అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. మళ్ళీ పైకి చూసింది. “ఎప్పుడు చూసినా చిటపటలాడుతుంటావు, లోపల తోట పెట్టుకుని!” అంది. “పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పాలి. మొత్తం మార్చి చెప్పాలి.” కానీ ఫోన్ దగ్గరికి వెళ్ళలేదు.

గది తలుపు చప్పుడైంది.

చెల్లి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు ఒకవైపు అణిగిపోయి ఉంది. వెలుతురుకి కళ్ళు చికిలించి, ఒక్కో అడుగూ కొలుచుకుంటున్నట్టు వచ్చి, తమ్ముడి పక్కన నేల మీద కూర్చుంది.

“సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందిరా?”

“నేను పడుకుంటూనే ఉంటానక్కా, ఆ నిద్రే ట్రాఫిక్‌లో...”

“జోకొద్దు.”

వాడు నోరు మూశాడు. మూసిన తర్వాత మొహాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు వాడికి. కిందికి దిగి అక్క పక్కన చేరాడు. వాడి మోకాలు ఆగకుండా ఊగుతోంది.

“అన్నయ్యా, ఏదైనా చెప్పు,” అంది చెల్లి.

“నేనా? నేనేం చెబుతాను?”

“నీ పని గురించి చెప్పు. నవ్వొచ్చేది మాత్రం వద్దు.”

“నవ్వొచ్చేది నా దగ్గరెక్కడుంది?”

గొంతు సవరించుకున్నాడు. లిఫ్టు తాళ్ళ గురించి మొదలుపెట్టాడు. తాడంటే ఒక తాడు కాదు. సన్నటి తీగలు కొన్ని కలిపి ఒక పేట, ఆ పేటలన్నీ మెలేసి ఒక తాడు. మెలిక కుడికి తిరిగితే ఒక రకం, ఎడమకి తిరిగితే ఇంకో రకం. లోపల మధ్యలో నార ఉంటుంది. ఆ నార నూనె పట్టి ఉంచుతుంది. నార ఎండిపోతే తీగలు ఒకదాన్నొకటి లోలోపలే కోసుకుంటాయి. పైకి తాడు నిగనిగలాడుతూనే ఉంటుంది. అతను రెండు చేతులతో గాలిలో మెలికలు తిప్పి చూపించాడు. ఇంట్లో ఇంతసేపు అతని మాట ఎవరూ అడ్డుపడకుండా వినడం అదే మొదలు.

ఎడమ మెలిక దగ్గరికి వచ్చేసరికి తమ్ముడి మోకాలు ఊగడం ఆగింది. పేటలు లెక్కపెట్టే పద్ధతి చెబుతుండగా తల అక్క భుజం మీదికి ఒరిగింది. నోరు తెరుచుకుంది. సన్నటి గురక మొదలైంది.

మెకానిక్ ఆగాడు.

“ఆపకు,” అంది చెల్లి, గుసగుసగా. “ఆపితే లేస్తాడు.”

“ఎంతసేపు చెప్పను?”

“ఎన్ని రకాలున్నాయి తాళ్ళు?”

“చాలా ఉన్నాయి.”

“అన్నీ చెప్పు.” భుజం కదపకుండా మెడ మాత్రం తిప్పి అతన్ని చూసింది. “ఆ మాత్రలు మింగాక నేనూ ఇలాగే తాళ్ళ గురించి మాట్లాడతానా?”

“అలా ఏం జరగదని చెప్పింది డాక్టరమ్మ.”

“గ్యారంటీ అడగొద్దని కూడా చెప్పిందిగా.”

ఆమె పెదవి ఒక మూల ఏదో కదిలింది. నవ్వు అనడానికి వీల్లేదు. మెకానిక్ దాన్ని గమనించనట్టే ఉండిపోయాడు. గట్టిగా చూస్తే పోతుందేమోనని.

అమ్మ కూడా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. అతను మళ్ళీ అందుకున్నాడు. కొత్త తాడు వేసిన కొన్నాళ్ళకి సాగుతుంది. సాగుతుందని అందరికీ తెలుసు. అయినా ఏ కంపెనీవాడూ మళ్ళీ వచ్చి బిగించి వెళ్ళడు. దాని మీద అతనికి చాలా కోపం. ఆ కోపాన్ని కూడా గొంతు పెంచకుండా, మొత్తం చెప్పాడు.